లేయమ్మ పిడికెడు

జరగండర్రా, జరగండి. జోయేలూ, ఆ కాళ్ళు నా పక్కలోంచి తియ్యి, మంచుముక్కల్లా ఉన్నాయి. కెజియా, ఫోను అవతల పెట్టు. ప్రార్థన చేసుకున్నారా? సరే, ఇక కథ. నేను చెప్తూ ఉంటే మీరు ఊ కొడుతూ ఉండాలి. మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది, ముందే చెప్తున్నాను.

అనగా అనగా, గోదారి రెండు పాయలుగా చీలిపోయి, కాస్త దూరం నడిచి, మళ్ళీ ఒకటైపోయే చోట ఒక లంకూరు. చుట్టూ నీళ్ళు, మధ్యన మట్టి. రాజెవరని అడక్కు జోయేలూ, ఈ కథలో రాజు పైనుంటాడు, కిందికి దిగి కత్తి తిప్పడు. దయ్యమా? దయ్యం మాట వస్తుంది, ఉండు. ముందు ఎలుక రావాలి.

ఆ ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ. ఆవిడ మొగుడు ప్రభుదాసు. వాళ్ళకి నలుగురు పిల్లలు. దావీదు, దానియేలు, దీవెన, దయామణి. నాలుగు పేర్లూ ఒకే అక్షరంతో పెట్టుకుని మురిసిపోయారు గానీ, కోపం వచ్చినప్పుడు పిలవాలంటే సువార్తమ్మకి నాలిక తడబడేది. "ద, ద, ద" అంటూ ఉండగానే పిల్లలు గోడ దూకేసేవాళ్ళు.

ఆ ఇంటికి ఐదో పిల్ల వచ్చింది. పేరు లేయమ్మ. సువార్తమ్మ చెల్లెలి కూతురు. ఎనిమిదేళ్ళుంటాయేమో. తల్లి జ్వరంతో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. తండ్రి సామ్యేలు ఇసుక పడవల మీద కూలి, ఇవాళ ఈ రేవులో ఉంటే రేపు ఏ రేవులో ఉంటాడో తెలియదు. పడవ మీద ఆడపిల్లనెలా పెంచుతాడు? తీసుకొచ్చి వదినగారి చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, పడవెక్కి పోయాడు.

ఇప్పుడు మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. పెద్దమ్మ గయ్యాళి, పిల్లని కొట్టింది, బూడిదలో పడుకోబెట్టింది, అదే కదా? కాదు. సువార్తమ్మ బంగారంలాంటి మనిషి. దీవెనకి గౌను కుట్టిస్తే అదే తానులోంచి లేయమ్మకీ కుట్టించేది. చేప తల దావీదుకి వేస్తే, చేప నడుం లేయమ్మకి వేసేది. తల దువ్వేది, పేలు చూసేది, ఆదివారం పౌడరు రాసి గుడికి తీసుకెళ్ళేది. ఆ పిల్లకి ఏ లోటూ లేదు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ సువార్తమ్మకే తెలియదు.

ఊ కొడుతున్నారా? ఆ, గట్టిగా కొట్టండి.

మనింట్లో పొయ్యి పక్కన గూట్లో డబ్బా ఉంది కదా, పిడికిలి బియ్యం డబ్బా? అన్నం వండేముందు ప్రభువు పేరున ఒక పిడికెడు తీసి అందులో వేస్తాను, ఆదివారం గుడికి పట్టుకెళ్ళి గంపలో పోస్తాను, ఎవరూ లేని ముసలాళ్ళకి ఇస్తారు. సువార్తమ్మకీ అలాంటిదే ఒకటుండేది. డబ్బా కాదు, మట్టికుండ, అంచు మీద చిన్న పెచ్చు ఊడిపోయిన కుండ. అయితే ఆవిడ వేసేది ఒక్క పిడికెడు కాదు. పిల్లకో పిడికెడు. తెల్లారగట్ల అందరూ నిద్రలో ఉండగా లేచి, పొయ్యి అలికి, ఎసరు పెట్టి, కళ్ళు మూసుకుని, పైకి వినపడేలా చెప్తూ వేసేది. దావీదుకో పిడికెడు ప్రభువా, దానియేలుకో పిడికెడు ప్రభువా, దీవెనకో పిడికెడు ప్రభువా, దయామణికో పిడికెడు ప్రభువా, నా బిడ్డల మీద నీ చెయ్యి ఉంచు తండ్రీ. ఆ తర్వాత బిందె చంకన పెట్టుకుని రేవుకి నీళ్ళకి వెళ్ళేది.

లేయమ్మ చాప వంటింటి గుమ్మం పక్కనే. కొత్తచోట సరిగా నిద్ర పట్టదు కదా, ఒకరోజు మెలకువ వచ్చి అంతా వింది. దావీదుకో పిడికెడు, దానియేలుకో పిడికెడు, దీవెనకో పిడికెడు, దయామణికో పిడికెడు. ఐదోది వస్తుందని చూసింది. రాలేదు. బిందె చప్పుడు వచ్చింది.

మర్నాడు మళ్ళీ మెలకువగా ఉంది. దావీదుకో పిడికెడు, దానియేలుకో పిడికెడు, దీవెనకో పిడికెడు, దయామణికో పిడికెడు. బిందె.

ఆ మర్నాడూ అంతే. బిందె.

అప్పుడు ఆ పిల్లకి ఒక ఆలోచన వచ్చింది. చిన్న బుర్ర, అందులో పెద్ద దిగులు. రోజూ ఈ కుండలోంచే పేర్లు పైకి వెళ్తున్నాయి, దేవుడు పైన కూర్చుని ఈ ఇంట్లో పిల్లలు ఎంతమందని చూసుకుంటాడు, దావీదు, దానియేలు, దీవెన, దయామణి, నలుగురు, అంతే అనుకుని పక్కింటి వైపు తిరిగిపోతాడు. నేనిక్కడున్నానని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అమ్మ ఉన్నప్పుడు అమ్మ చెప్పేదేమో. ఇప్పుడు ఇల్లు మారాను, ఆయనకి తెలిసుండదు.

ఏంటి కెజియా? పెద్దమ్మనే అడగొచ్చు కదా అంటావా? నువ్వైతే అడుగుతావమ్మా, నీ నోటికి గడియ లేదు. ఆ పిల్ల అడగలేకపోయింది. అడిగితే, అవునే, నీ పేరు లేదు అంటుందేమోనని భయం. అడగనంతకాలం ఏదో ఒక రోజు వస్తుందేమోనని కాస్త ఆశ ఉంటుంది. ఆ ఆశ పోగొట్టుకోవడం ఇష్టం లేక నోరు మూసుకుంది.

నోరు మూసుకుంది గానీ చేతులు కట్టుకోలేదు. నా పిడికెడు నేనే వేసుకుంటాను అనుకుంది. బియ్యం ఎక్కడివి? ఇంట్లో బియ్యం తొట్టెలోంచి తీస్తే దొంగతనం. దొంగబియ్యంతో దేవుడికి కబురు పంపుతారా ఎవరైనా? ఆలోచించింది, ఆలోచించింది. అప్పుడు కోతల కాలం. కోసిన చేలల్లో కంకులు అక్కడొకటి ఇక్కడొకటి రాలి ఉంటాయి, వాటిని పరిగె అంటారు, అవి ఎవరు ఏరుకుంటే వాళ్ళవి. రోజూ సాయంత్రం పిల్లలందరూ గట్టు మీద ఆడుకుంటూ ఉంటే లేయమ్మ చేలో వంగి పరిగె ఏరింది. ఏరింది, ఎండబెట్టింది, నలిపింది, దంచింది, చెరిగింది. మర్నాడు మళ్ళీ ఏరింది, ఎండబెట్టింది, నలిపింది, దంచింది, చెరిగింది. వరి మోళ్ళు గుచ్చుకుని అరికాళ్ళు గీరుకుపోతే పెద్దమ్మకి ముల్లు గుచ్చుకుందని చెప్పేది.

దంచడానికి రోలు కావాలిగా? వీధి చివర ఎలీశమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. కళ్ళు సరిగా ఆనవు, పైవరసలో ఒకటే పన్ను. ఎవరూ లేరు. ఆవిడ పెరట్లో పాత రోలు పడి ఉంది. దంచుకుంటాను మామ్మా అంటే, దంచుకోవే, రోకలి చప్పుడు విని ఎన్నాళ్ళయిందో అంది. ఎందుకని అడగలేదు. ముసలాళ్ళం అన్నీ అడుగుతామనుకుంటారు మీరు, మేం అడగనివి చాలా ఉంటాయి.

ఇలా దంచి, పాత గుడ్డలో మూటకట్టి, చాప కింద దాచుకుని, తెల్లారగట్ల పెద్దమ్మ నీళ్ళకి వెళ్ళగానే లేచి కుండలో తన పిడికెడు వేసి మళ్ళీ పడుకునేది. పిడికెడంటే ఎంత? ఆ పిల్ల పిడికిలే నిమ్మకాయంత. అదీ రోజూ దొరకదు కదా, దొరికిన రోజు వేసేది, దొరకని రోజు దుప్పట్లో మొహం పెట్టుకుని, ఇవాళ లేదు ప్రభువా అని చెప్పేది.

సరే, అక్కడే వచ్చింది తంటా. ఇంట్లో బియ్యం మిల్లు బియ్యం, మల్లెపూలలాంటి తెల్ల బియ్యం. ఈ పిల్లవి దంపుడు బియ్యం, ఎర్రగా ఉంటాయి. పైగా చిన్నచేతులు, చెరగడం రాదు, అందులో అక్కడక్కడా వడ్లు. ఆదివారం గుడిలో గంపలో పోస్తే ఎవరూ గమనించలేదు. పోసినవాటిలో ఒక శేరు ఎవరికి వెళ్ళిందంటారు? ఎలీశమ్మకే. ఆవిడ వండుకుని తింటూ ఉంటే ఒక వడ్లగింజ పోయి సరిగ్గా ఆ ఒక్క పన్నుకీ చిగురుకీ మధ్య సందులో ఇరుక్కుంది. తన రోట్లో దంచిన గింజే ఊరంతా తిరిగి తన పంటికే తగిలిందని ఆవిడకేం తెలుసు. మూడు రోజులు దవడ పట్టుకుని మూలిగి, నాలుగో రోజు వెళ్ళి పాస్టరమ్మగారి దగ్గర మొర పెట్టుకుంది, దేవుడి బియ్యంలో వడ్లు కలిపేవాళ్ళెవరో కనుక్కోండమ్మా అని.

పాస్టరమ్మగారు మెత్తని మనిషి. ఆ ఆదివారం గంప దగ్గర నిలబడి చూశారు. సువార్తమ్మ కుండ వంచింది. తెల్ల బియ్యంలో ఎర్ర గింజలు, వాటిలో వడ్లు. ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు, సువార్తమ్మ చెవిలో చిన్నగా, కాస్త ఏరి తెండమ్మా, ముసలివాళ్ళు తింటారు అన్నారు. అంతే. కానీ సువార్తమ్మకి తల కొట్టేసినట్టయింది. బియ్యంలో రాయి కనపడితే మూడు పూటలు దిగులుపడే మనిషి ఆవిడ. పదిమందిలో ప్రభువుకి చెత్త బియ్యం పోసినదాన్నయిపోయానా అని దారంతా గొణుక్కుంటూ వచ్చింది.

ఇంటికి రాగానే పిల్లల్ని వరసగా నిలబెట్టింది. ద, ద, ద, కుండ ఎవరు ముట్టుకున్నారు? నేను కాదంటే నేను కాదన్నారు. లేయమ్మని అడగనేలేదు, ఆ పిల్ల అలాంటి పని చెయ్యదని అంత నమ్మకం. ప్రభుదాసు కుండ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది ఎలుక పని అని తేల్చేశాడు. ఎలుక వడ్లు తెచ్చి కుండలో దాచుకుంటోందట. ఎలుక వడ్లు ఒలిచి మరీ దాచుకుంటుందా అని సువార్తమ్మ అడిగితే, తెలివైన ఎలుకయి ఉంటుంది అన్నాడు. పక్కింటావిడ వచ్చి ఎలుకా కాదు, పిల్లీ కాదు, పాడుబడ్డ రైస్‌మిల్లులో దయ్యం అంది. చూశావా జోయేలూ, దయ్యం వచ్చింది. ప్రభుదాసు మాత్రం ఎలుకనే నమ్మి బోను పెట్టాడు. ఎండు చేప ముక్క కట్టాడు. రాత్రికి వాళ్ళింటి పిల్లి పోయి బోనులో కూర్చుంది.

నవ్వండి, నవ్వండి. ఇప్పుడు నవ్వాపి వినండి.

సోమవారం తెల్లారగట్ల సువార్తమ్మ ఎప్పటిలాగే లేచింది. దావీదుకో పిడికెడు, దానియేలుకో పిడికెడు, దీవెనకో పిడికెడు, దయామణికో పిడికెడు. బిందె చంకన పెట్టుకుంది. చప్పుడు చేస్తూ గుమ్మం దాటింది. రేవుకి వెళ్ళలేదు. తలుపు వెనక నిలబడింది, చేతిలో చీపురు కూడా పట్టుకుంది, ఎలుకైనా సరే దయ్యమైనా సరే అని.

చాప కదిలింది. లేయమ్మ లేచి కూర్చుంది. మూట విప్పింది. గూటి దగ్గరికి వచ్చి, మునివేళ్ళ మీద నిలబడి, పిడికిలి కుండలోకి దించి, కళ్ళు మూసుకుని ఇలా అంది.

"ప్రభువా, ఇది లేయమ్మ పిడికెడు. లేయమ్మంటే సామ్యేలు కూతురు. ఇప్పుడు సువార్తమ్మ గారింట్లో ఉంటది, వంటింటి గుమ్మం పక్కన చాప మీద పడుకుంటది. గోదారి దాటాక, కుడిచేతి వేపు మూడో ఇల్లు. ఆ నలుగుర్నీ చూసుకున్నాక ఒక్కసారి ఇటు కూడా చూడు. బియ్యంలో వడ్లు వచ్చాయంట, తప్పైపోయింది. ఈసారి బాగా చెరుగుతాను."

చీపురు కింద పడింది. బిందె కింద పడి దొర్లింది.

లేయమ్మ వెనక్కి తిరిగి పెద్దమ్మని చూసింది. తొట్టెలోంచి తియ్యలేదు పెద్దమ్మా, పరిగె ఏరాను, ఒట్టు అంది. సువార్తమ్మ గుమ్మంలోనే కూలబడింది. పిల్లని దగ్గరికి లాక్కుంది. ఎందుకే, ఎవరు చెయ్యమన్నారే అని అడిగింది.

"రోజూ వింటున్నాను పెద్దమ్మా. నా పేరు రావట్లేదు" అంది లేయమ్మ.

అప్పుడు సువార్తమ్మ ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నీ పేరు మనసులో చెప్పుకుంటున్నానే పిచ్చిదానా అంటే, ఆ పిల్ల నమ్మేది. నేనైతే ఆడేదాన్నేమో. ఆవిడ ఆడలేదు. ఏళ్ళ తరబడి నా నలుగురి పేర్లే నోటికి అలవాటైపోయాయి, నీకు కంచం పెట్టాను, చాప వేశాను, గౌను కుట్టించాను, ఈ ఒక్కటీ తట్టలేదు అంది. "మరిచిపోయానే తల్లీ. నేను మరిచిపోయాను" అని ఏడ్చింది.

లేయమ్మ పెద్దమ్మ కళ్ళు తుడిచింది. తుడిచి, అన్నాళ్ళుగా గొంతులో పెట్టుకున్న మాట అడిగేసింది.

"మరి దేవుడు?"

ఊ కొట్టరేం? దేవుడికి అందరూ తెలుసమ్మా అని గుడిలో ఎవరైనా చెప్తారు. ఏరిన గింజలు చేతిలో పట్టుకుని నిలబడ్డ పిల్లకి ఆ మాట చాలుతుందా? సువార్తమ్మ గూటి వైపు చూసింది. కుండ అంచున పెచ్చు ఊడిన చోటు కనపడింది. ఆ పెచ్చు ఎప్పుడు ఊడిందో గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఆవిడ మొహమే మారిపోయింది. లేచి, కుండని రెండు చేతులతో కిందికి దించి, లేయమ్మ ఒళ్ళో పెట్టింది.

ఈ కుండ ఎవరిదో తెలుసా, మీ అమ్మది అంది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ పురిటికి ఈ ఇంటికే వచ్చింది, మా అమ్మ అప్పటికే పోయింది కాబట్టి అక్క ఇల్లే దానికి పుట్టిల్లు. వచ్చేటప్పుడు పడవలోంచి ఈ కుండ తనే పట్టుకుని దిగుతుంటే రేవు మెట్టుకి తగిలి ఈ పెచ్చు ఊడింది. రోజూ పొద్దున్నే ఇందులో రెండు పిడికిళ్ళు వేసేది. ఒకటి ప్రభువుకి. రెండోదెందుకే అంటే, పొట్ట మీద చెయ్యి వేసుకుని, దీనికి అనేది. అప్పటికి నాకు దావీదు, దానియేలు ఇద్దరే. వాళ్ళ పేరున నేనెప్పుడూ ఒక్క గింజ వెయ్యలేదు. మీ అమ్మని చూసి నేర్చుకున్నాను. వెళ్ళేటప్పుడు ఈ కుండ నాకే ఇచ్చి వెళ్ళింది.

ఇంకా ఇలా చెప్పింది. "ఈ కుండలో ఒక బిడ్డ పేరున పడ్డ మొదటి పిడికెడు నీది లేయమ్మా. అప్పటికి నీకు పేరు కూడా లేదు. ఈ కుండలోకి నా నలుగురూ నీ వెనక వచ్చినవాళ్ళే."

లేయమ్మ కుండని పొట్టకి ఆనించుకుంది. తర్వాత, మరి అమ్మ ఆ పిడికెడు వేసేదాకా దేవుడికి నేను తెలియదా అని అడిగింది. చూడండి, ఆ పిల్ల ఎంత గట్టిదో, సగం జవాబుకి లొంగలేదు.

నేనూ అదే అడిగాను మీ అమ్మని అంది సువార్తమ్మ. ఏమే, నువ్వు చెప్తే గానీ ఆయనకి తెలియదా అని ఏడిపించాను. మీ అమ్మ నవ్వి, ఆయనకి చెప్పడానికి కాదక్కా, నా చేతికి గుర్తుండడానికి అంది. ఆయనకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదంది. మరిచిపోయే చేతులు మనవి కాబట్టి, మనకి ఈ పిడికెడు అంది.

"అయితే అమ్మకి నేనున్నానని తెలియకముందు?" అంది లేయమ్మ.

"అప్పుడు ఆయనకొక్కడికే తెలుసు" అంది సువార్తమ్మ.

ఆ మాటకి లేయమ్మ, పెద్దమ్మ భుజం మీద తల పెట్టుకుంది. అదే చోట అలా కూర్చుండిపోయారు ఇద్దరూ. ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయింది. నలుగురు పిల్లలూ లేచి, అన్నమేదని వచ్చి, అమ్మ గుమ్మంలో కూర్చుని ఏడవడం చూసి, ఎలుక కరిచిందేమోననుకున్నారు. ప్రభుదాసు అయితే బోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఆ రోజు చాప కింద మిగిలిన ఎర్ర బియ్యం తీసి, ఐదుగురి చేతా ఏరించి, బెల్లం వేసి పరవాన్నం వండింది సువార్తమ్మ. ఎలీశమ్మకి ఒక గిన్నె పంపింది. జరిగిందంతా విని ఆ ముసలావిడ, నా రోట్లోదేనా అని పొట్ట పట్టుకుని నవ్విందట. ఆ నవ్వుకి పన్ను సందులో గింజ ఊడి బయటపడిందట. దవడ నొప్పి అక్కడితో సరి. క్రిస్మస్‌కి పడవ దిగి వచ్చిన సామ్యేలుకి ఈ కథంతా లేయమ్మే చెప్పింది, గొంతు నిండా సంతోషంతో. అతను కుండకి పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి, అవును, ఆ రోజు పడవలో నేనూ ఉన్నాను అన్నాడు.

అవన్నీ సరే. అసలు జరగాల్సింది ఆ మర్నాడు తెల్లారగట్ల జరిగింది.

లేయమ్మకి అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. చాప మీద కదలకుండా, కళ్ళు మూసుకునే వింది. పొయ్యి అలికిన వాసన. ఎసరు పెట్టిన చప్పుడు. చేట దింపిన చప్పుడు.

"లేయమ్మకో పిడికెడు, ప్రభువా."

అంతే. లేయమ్మ అటు తిరిగి దుప్పటి కప్పుకుంది. మిగతా పేర్లు వినలేదు. ఎంతమందో లెక్కపెట్టలేదు. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి పొద్దెక్కేదాకా నిద్రపోయింది, దయామణి వచ్చి కాలు పట్టి లాగేదాకా.

కెజియా నిద్రపోయింది, పాపం. ఇంకా మేలుకునే ఉన్నావా జోయేలూ? ఏంటి? మీ పేర్లు నేనూ చెప్తానా అంటే, చెప్తాను నాయనా, రోజూ చెప్తాను. మరిచిపోతేనా? మరిచిపోతాను. ముసలిదాన్ని, నిన్న ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండదు. నేను మరిచిపోయిన రోజు కూడా నువ్వు ఆయనకి గుర్తుంటావు. మీ అమ్మకి తెలియకముందే తెలిసినవాడికి, ఈ అమ్మమ్మ గుర్తు చెయ్యాలా? అదిగో, ఆ మాట పట్టుకుని పడుకో.

కథ పడవెక్కి గోదారి దాటిపోయింది. మనం దుప్పట్లోకి దూరిపోదాం.